పురిటికి పుట్టింటికి వస్తే అంగన్‌వాడీ సరుకులు ఆగిపోవాలా?

ప్రశ్న: నమస్కారమండి. నా వయసు ఇరవై మూడు. అత్తవారిది తణుకు దగ్గర పల్లెటూరు. మొదటి కాన్పు కదా అని ఏడో నెలలో సీమంతం చేసి, పి.గన్నవరం మండలంలో ఉన్న మా పుట్టింటికి తీసుకొచ్చారు. మాది లంక, గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు. అత్తవారి ఊళ్లో అంగన్‌వాడీ వాళ్లు గుడ్లు, పాలు, మిగతా సరుకులు ఇచ్చేవారు. ఇక్కడికి వచ్చి రెండు నెలలు కావస్తోంది, ఒక్క గుడ్డు కూడా అందలేదు. 'నీ పేరు అక్కడుంది, నేనెలా ఇస్తాను' అంటోంది ఇక్కడి టీచర్. మా అత్తగారు అక్కడ అడిగితే 'మనిషి వచ్చి ఫోన్‌లో మొహం చూపించాలి' అన్నారట. మా అక్క కువైట్‌లో పనికి వెళ్లింది. దాని కొడుకు, రెండున్నరేళ్ల వాడు, మా అమ్మ దగ్గరే పెరుగుతున్నాడు. ఆధార్ లేదని వాడి పేరూ రాసుకోలేదు. పిల్లాడు బాగా సన్నం. గట్టిగా అడుగుదామంటే అమ్మ ఒప్పుకోదు. టీచర్ మాకు వరసకి పిన్ని అవుతుంది. 'అన్నం పెట్టే చోట గొడవేంటే, రేపు మొహాలు చూసుకోవద్దా' అంటుంది. నాన్నేమో 'అవి లేనివాళ్లకిచ్చేవి, మనకెందుకు' అంటారు. అసలు ఇది ఎవరి బాధ్యత? ఎవరిని అడగాలి?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు ఇప్పుడు ఏ ఊళ్లో ఉంటున్నారో ఆ ఊరి అంగన్‌వాడీయే మిమ్మల్ని నమోదు చేసుకుని సరుకులు ఇవ్వాలి. గర్భిణిగా ఉన్నన్నాళ్లూ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా ప్రతి తల్లికీ స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. అత్తవారి ఊరా, పుట్టిల్లా అని ఆ చట్టం ఎక్కడా తేడా పెట్టలేదు. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగడం తరతరాలుగా ఉన్నదే. ఏడో నెల వచ్చేసరికి ఆడపిల్ల ఊరు మారుతుందని ప్రతి టీచర్‌కీ తెలుసు, వాళ్లపైన ఉండే ప్రతి సూపర్‌వైజర్‌కీ తెలుసు. అయినా పేరు ఒక చోట, మనిషి ఇంకో చోట ఉండిపోయి, తిండి ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే సరుకులు ఆగిపోతున్నాయి. అంగన్‌వాడీలని నడిపే ఐసీడీఎస్ పథకంలో చాలా ఏళ్లు పనిచేసిన మనిషిగా, ఇలాంటి ఉత్తరం చదివినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది, కోపం కూడా వస్తుంది.

ఇప్పుడు చిక్కు ఎక్కడుందో చూద్దాం. 2021 నుంచి అంగన్‌వాడీ లెక్కలన్నీ పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లోకి వచ్చాయి. టీచర్ ఫోన్‌లో మీ పేరుంటేనే మీ పేరు మీద సరుకు వస్తుంది, ఇచ్చినట్టు నమోదవుతుంది. మీ పేరు తణుకు వైపు కేంద్రంలో ఉంది కాబట్టి ఇక్కడి టీచర్ లెక్కలో మీరు లేరు. ఆవిడ అన్నమాట ఆ మేరకు నిజమే. కానీ పేరు ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే సదుపాయం ఆ యాప్‌లోనే ఉంది. 'నీ పేరు అక్కడుంది' అనేది మాట్లాడటం ఆపేయడానికి కారణం కాకూడదు, అక్కడి నుంచే పని మొదలవ్వాలి. ఇవాళే మీ అత్తగారి చేత అక్కడి టీచర్‌కి చెప్పించండి, పేరు ఇటు మార్చమని. వీలైతే ఇద్దరు టీచర్లనీ ఒకరితో ఒకరు ఫోన్‌లో మాట్లాడుకోమనండి. మీ ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు, తల్లీబిడ్డల రక్షణ కార్డు దగ్గర పెట్టుకోండి. ఓటీపీ మీ ఆయన నంబరుకి వెళ్లేలా ఉంటే ఆయన పనిలో ఉన్న టైమ్‌లో కాకుండా ఖాళీగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోండి. చాలామందికి ఇక్కడే ఆగిపోతుంది.

మొహం చూపించే సంగతి. ఇంటికిచ్చే సరుకులకి ముఖం గుర్తింపు 2025 జూలై 1 నుంచి తప్పనిసరి చేశారు. లేని పేర్ల మీద సరుకు పోకుండా ఆపాలన్నది ఉద్దేశం. మంచిదే. అందువల్ల మీ అత్తగారు మీ బదులు తీసుకోలేరు, అక్కడి టీచర్ కాదనడంలో తప్పు లేదు. కానీ పేరు ఇక్కడికి మారాక కూడా ఫోన్ మిమ్మల్ని గుర్తుపట్టకపోవచ్చు. ఆధార్‌లో ఉన్నది హైస్కూల్లో ఉన్నప్పుడు రెండు జడలతో దిగిన ఫొటో, ఇప్పుడు తొమ్మిదో నెలలో మొహం కాస్త ఉబ్బి ఉంటుంది. అలా జరిగితే ఆధార్ కేంద్రానికి వెళ్లి ఫొటో మార్పించుకోవచ్చు. కాకపోతే ఈ నెలల్లో మీరు పడవ దిగి, ఆటో ఎక్కి తిరగాల్సిన పని లేదని నా అభిప్రాయం. 'ఫోన్‌లో మ్యాచ్ కాలేదు, దీనికి ఏం చేస్తారో చెప్పండి' అని సూపర్‌వైజర్‌ని అడగడం సరిపోతుంది. మీరు కళ్లెదుటే ఉన్నారు, మీ చేతిలో కార్డు ఉంది. మిమ్మల్ని ఖాళీ చేతులతో పంపకుండా దారి వెతకడం ఆఫీసు పని. లంకల్లో సిగ్నల్ అందక, ఫోన్ పట్టుకుని ఏటిగట్టు ఎక్కి, ఒక్కో తల్లినీ అక్కడికే పిలిచి ఫొటో తీసిన టీచర్లని నేను చూశాను. ఆ ఎండలో కడుపుతో ఉన్న మనిషిని నిలబెట్టాల్సి వచ్చిందని వాళ్లూ బాధపడేవారు.

మీ నాన్నగారి మాటకి వస్తాను. అంగన్‌వాడీ సరుకులకి రేషన్ కార్డు అక్కర్లేదు, ఆదాయం ఎంతని అడగరు. మీ నాన్నగారికి రెండెకరాల కొబ్బరితోట ఉన్నా, ఏమీ లేకపోయినా మీరు గర్భిణి, అంతే. ఉన్నవాళ్లు తీసుకోకపోతే లేనివాళ్లకి ఎక్కువ వస్తుందనుకోవడం కూడా నిజం కాదు. కేంద్రానికి సరుకు నమోదైన పేర్లని బట్టి వస్తుంది. మీరు మానుకుంటే మీ వాటా ఇంకొకరికి చేరదు, ఆ ఊళ్లో గర్భిణులు ఒకరు తక్కువని లెక్క తేలుతుంది.

మీ అమ్మగారి మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అన్నం పెట్టే చోట గొడవేంటి అనడం మన గోదావరి మనిషి సంస్కారం. మీ మండలంలోనే ఉన్న లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టారు. రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ పెట్టింది తన ఇంటి ధాన్యం, తన చేతి వంట. ఆ అరుగు మీద కూర్చున్నవాడు ఇంకో గరిటె వెయ్యలేదేమని అడగకూడదు. అంగన్‌వాడీ అలాంటి చోటు కాదు. అక్కడి పప్పు మీ పిన్ని కొన్నది కాదు, సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) గారు దానం చేసిందీ కాదు. మనందరి పన్నుల డబ్బుతో, చట్టం చేసి, ఫలానా వారికి ఫలానా మేరకు ఇవ్వమని వాళ్లకి ఉద్యోగం అప్పగించారు. రాలేదని అడిగితే ఎవరి ఔదార్యాన్నీ శంకించినట్టు కాదు. అమ్మకి ఈ తేడా నెమ్మదిగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఇక అసలు ప్రశ్న, ఎవరి బాధ్యత. టీచర్ పని ఏమిటంటే ఊళ్లో ఉన్న ప్రతి గర్భిణినీ, బాలింతనీ, ఆరేళ్లలోపు పిల్లల్నీ ఇంటింటికీ తిరిగి రాసుకోవడం, వచ్చిన సరుకు తూకం చూసి దించుకోవడం, ఇవ్వాల్సినవాళ్లకి ఇవ్వడం, పిల్లల బరువు, ఎత్తు ప్రతి నెలా చూడటం. మీరు ఊళ్లోకి వచ్చి రెండు నెలలైనా రాసుకోకపోవడం ఆవిడ వైపు నుంచి లోపమే. అయితే సరుకు తెప్పించడం ఆవిడ చేతిలో లేదు. పైన సెక్టార్ సూపర్‌వైజర్ ఉంటారు, ఆపైన ప్రాజెక్టుకి సీడీపీఓ, జిల్లాకి ఐసీడీఎస్ ప్రాజెక్ట్ డైరెక్టర్ (పీడీ). ఎన్ని పేర్లకి ఎంత సరుకు కావాలని ఇండెంట్ పెట్టాలి, సరఫరాదారు ఎప్పుడు ఎక్కడ దించాలి, నాసిరకం వస్తే ఎలా వెనక్కి పంపాలి, ఇవన్నీ వాళ్ల పనులు. లంకలకి వచ్చేసరికి గుడ్ల అట్టలు రేవు దగ్గర దించేసి పోతుంటారు. అక్కడి నుంచి పడవ ఖర్చు టీచర్ చేతి నుంచే పోతుంది, దారిలో పగిలినవి ఆవిడ లెక్కలో పడతాయి. రేవులో దింపితే సరఫరా అయినట్టు కాదు. కేంద్రానికి చేరాలి. దీని గురించి టీచర్లు పైకి రాస్తే వినే నాథుడు ఉండాలి. 2023 డిసెంబర్‌లో మొదలై 42 రోజులు సాగిన సమ్మెలో వాళ్లు అడిగింది జీతం, గ్రాట్యుటీ. వాళ్లని గౌరవ వేతనం మీద ఉంచి, మొత్తం పథకం బరువు వాళ్ల నెత్తిన పెట్టి, తప్పు జరిగితే ముందు వాళ్లకే మెమో ఇచ్చే పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు.

అందుకే పిన్నితో తగవు పెట్టుకోవద్దంటున్నాను. భయపడి కాదు. ఆవిడ మీకు సాక్షిగా ఉంటే మేలు. 'పిన్నీ, నీ మీద కంప్లయింట్ కాదు, నా పేరు చేర్చడానికి ఆఫీసుకి కాగితం పెడుతున్నాను, నువ్వూ పైకి చెప్పు' అనండి. నా అనుభవంలో చాలామంది టీచర్లు ఇలాంటి కాగితానికి సంతోషిస్తారు. ఇండెంట్ పెంచమని అడగడానికి వాళ్లకి ఓ ఆధారం దొరుకుతుంది.

కాగితంలో పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. 'సీడీపీఓ గారికి, నేను ఫలానా తేదీ నుంచి ఫలానా ఊళ్లో మా పుట్టింట్లో ఉంటున్నాను. నాకు తొమ్మిదో నెల. ఇక్కడి అంగన్‌వాడీ కేంద్రంలో నన్ను నమోదు చేసి, ఈ నెల నుంచి ఆహారం ఇప్పించగలరు. ఇవ్వడం కుదరకపోతే కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు.' ఇంతే. ఆ చివరి వాక్యం మాత్రం వదలొద్దు. నోటితో కుదరదనడం తేలిక, సంతకం పెట్టి కుదరదని రాయడం ఎవరికైనా కష్టం. గ్రామ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. నాన్నగారో తమ్ముడో వెళ్లగలిగితే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇంకో ప్రతి ఇవ్వొచ్చు. అక్కడిస్తే నంబరు పడుతుంది, ఎక్కడిదాకా వచ్చిందో తర్వాత అడగొచ్చు. ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి చెప్పినా నమోదు చేసుకుంటారు.

దానికీ కదలిక లేకపోతే చట్టంలో ఇంకో మెట్టు ఉంది. ప్రతి జిల్లాకీ ఆహార భద్రత ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి. మన దగ్గర ఆ బాధ్యత జాయింట్ కలెక్టర్లు చూస్తుంటారు. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. జిల్లా అధికారి ఇవ్వమని చెప్పినా సరైన కారణం లేకుండా ఇవ్వని ఉద్యోగికి కమిషన్ 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. అందాల్సిన ఆహారం అందకపోతే దాని బదులు రాష్ట్ర ప్రభుత్వం భత్యం చెల్లించాలని ఎనిమిదో సెక్షన్‌లో ఉంది. మీ విషయం అంత దూరం వెళ్తుందని నేననుకోను. కానీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకి ఈ సెక్షన్లు తెలుసు, మీకూ తెలుసని తెలిస్తే చాలు.

పంచాయతీని కూడా మర్చిపోవద్దు. తమ పరిధిలో ఈ చట్టం సక్రమంగా అమలయ్యే బాధ్యత స్థానిక సంస్థలదని అందులో స్పష్టంగా రాశారు. ప్రతి అంగన్‌వాడీకీ ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలని 2011లోనే కేంద్ర ప్రభుత్వం ఆదేశాలిచ్చింది, దానికి అధ్యక్షత వార్డు సభ్యురాలిది. మీ వార్డు మెంబరు గారికి తాను ఆ కమిటీలో ఉన్నానని తెలుసో లేదో కనుక్కోండి. చాలా ఊళ్లలో కమిటీ రిజిస్టర్‌లోనే ఉంటుంది. ఆవిడ నెలకోసారి వచ్చి సరుకు దిగేటప్పుడు నిలబడితే సగం తేడాలు అక్కడే సర్దుకుంటాయి.

ఇంకొకటి, మీరు రాయలేదు గానీ నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. మీరు లంకలో ఉన్నారు, తొమ్మిదో నెల, గోదావరి పెరిగే రోజులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. రెండో హెచ్చరిక నాటికే మీ వైపు కాజ్‌వేలు మునిగి చాలా లంకలకి పడవే దిక్కవుతుంది. 25 లక్షలు దాటిన 2022 జూలై వరద మీకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటప్పుడు నెలలు నిండినవాళ్లని ముందుగానే ఆస్పత్రులకి తరలిస్తారు. ఎవరిని తరలించాలన్న జాబితా ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచర్ రాసుకున్న పేర్ల నుంచే తయారవుతుంది. ఆ పుస్తకాల్లో మీరింకా తణుకు మనిషే అయితే పడవ వచ్చిన రోజున మీ పేరు పిలవరు. కాబట్టి గుడ్లు, పాల సంగతి తేలేలోపే ఏఎన్ఎం, ఆశా ఇద్దరి దగ్గరా మీ పేరు, నెలలు నిండే తేదీ రాయించండి. ఇది రేపటికి వాయిదా వేయొద్దు.

వరద నెలల్లో సరుకు ముందే లంకకి చేర్చడం కూడా ప్రాజెక్టు ఆఫీసు బాధ్యతే. దారి మూసుకుపోయాక 'రవాణా లేక ఇవ్వలేదు' అని రాసుకోవడం సరికాదు. గోదావరి జూలై, ఆగస్టుల్లో పెరుగుతుందని ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. మీ కాగితంలో ఈ విషయం ఓ వాక్యం కలపండి, మీతోపాటు ఊళ్లో మిగతా తల్లులకీ పనికొస్తుంది.

సరుకు వచ్చాక చూసి తీసుకోండి. పాల ప్యాకెట్ మీద తేదీ చూడండి, ఉబ్బి ఉంటే వద్దనండి. గుడ్డు నీళ్ల గిన్నెలో వేస్తే పైకి తేలితే అది పాతది. మీకు ఏమేం, ఎంతెంత రావాలో ఆ పట్టిక చూపించమని అడగండి. తీసుకోనిదానికి సంతకం పెట్టడం, మొహం చూపించడం చేయకండి, ఎంత దగ్గరి చుట్టమైనా సరే. తెచ్చుకున్నది ఇంటిల్లిపాదికీ పంచకుండా మీరే తినండి. ఆడవాళ్లు ఇంట్లో అందరూ తిన్నాక తినే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు, అందుకే చెబుతున్నాను. కాన్పయ్యాకా ఇది ఆరు నెలలు సాగాలి. తిరిగి అత్తవారింటికి వెళ్లే ముందే పేరు అటు మార్పించుకోండి. బిడ్డకి ఆరు నెలలు నిండాక బాలామృతం పిండి బిడ్డ పేరు మీద వస్తుంది.

మీ అక్క కొడుకు విషయం మీ విషయం కంటే తొందరగా చూడాల్సింది. ఆధార్ లేదని పిల్లాణ్ణి వదిలేయడానికి వీల్లేదు. ఆధార్ లేని కారణంగా ఏ బిడ్డకీ ప్రయోజనాలు ఆపకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 26న ఇచ్చిన ఆధార్ తీర్పులోనే ఉంది. అయిదేళ్లలోపు పిల్లలకి ఆధార్ తీయించాలంటే మామూలుగా తల్లో తండ్రో పక్కనుండాలి. తల్లి కువైట్‌లో ఉంటే అమ్మమ్మ ఎక్కడికని తిరుగుతుంది? కోనసీమలో ఇలా అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, ఈ సంగతి ఆఫీసుకి కొత్త కాదు. బాబు జనన ధ్రువీకరణ పత్రం, టీకాల కార్డు తీసుకెళ్లి, ప్రస్తుతం పెంచుతున్నది అమ్మమ్మ కాబట్టి సంరక్షకురాలిగా ఆవిడని రాసుకుని పిల్లాణ్ణి నమోదు చేయమని మీ కాగితంతోపాటే ఇంకో కాగితం పెట్టండి.

అది తేలేదాకా ఆగకుండా ఈ వారంలోనే బాబుని కేంద్రానికి తీసుకెళ్లి బరువు, ఎత్తు చూపించండి. పేరు రాసినా రాయకపోయినా కాటా మీద నిలబెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చేతి కొలత టేపు కూడా వాళ్ల దగ్గర ఉంటుంది. జబ్బ చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే పోషణ తగ్గినట్టు. 11.5 కంటే తగ్గి టేపు ఎర్ర రంగులో ఆగితే అది తీవ్ర లోపం. అలా తేలినా, పాదాలు ఉబ్బినా, బాబు తిండి సరిగా తినకపోయినా ఆ రోజే పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) తీసుకెళ్లండి. అవసరమైతే అక్కడి డాక్టర్ పోషకాహార పునరావాస కేంద్రానికి రాసిస్తారు. అక్కడ పిల్లాడితో పాటు అమ్మమ్మ ఉండొచ్చు, వైద్యానికి, తిండికి డబ్బు కట్టక్కర్లేదు. నెలనెలా ఆ బరువు ఎంతుందో కార్డులో రాయించుకుని మీ అక్కకి వాట్సాప్‌లో ఫొటో పంపండి.